ఇంటి దావాను అమ్మాయి చదువు మీద మోపకండి

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఒక కాలేజీలో ఐదేళ్ల లా కోర్సు మూడో సంవత్సరం చదువుతోంది. కొన్ని నెలలుగా తెల్లవారుజాము మూడింటి దాకా మేలుకునే ఉంటోంది, తిండి తగ్గిపోయింది, క్లాసులో లేచి మాట్లాడాలంటే గుండె దడ వస్తోందంటోంది. మొన్న చదువు మానేస్తానంది. ఊళ్లో పొలం విషయమై మా బావగారితో దావా నడుస్తోంది. అమ్మాయి లాయరైతే మన కేసు మనమే చూసుకోవచ్చని మా వారి ఆశ. ఆదివారం వస్తే కాగితాలు ముందు పెట్టి సలహా అడుగుతారు. ఆమెను మందలించాలో, ఊరుకోవాలో తెలియడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, పొలం సంగతిని మీరు ఉత్తరం చివర్లో ప్రస్తావించారు గానీ, నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. అయితే దాని దగ్గరికి వచ్చే ముందు, ఆ చదువులో మీ అమ్మాయి రోజూ ఎదుర్కొంటున్నదేమిటో మీకు తెలియాలి. అది తెలియక చాలామంది తల్లిదండ్రులు పిల్లల ఆందోళనను సోమరితనంగానో పిరికితనంగానో పొరబడుతుంటారు.

ఇంటర్ దాకా మన పిల్లలు ప్రశ్నకు ఒకే సరైన జవాబు ఉండే చదువుకు అలవాటుపడతారు. లా కాలేజీలో ఒకే తీర్పును చేతికిచ్చి మొదట వాది పక్షాన, ఆ వెంటనే ప్రతివాది పక్షాన వాదించమంటారు. ఎంత చదివినా ఇంకా చదవవలసిన తీర్పు ఒకటి మిగిలే ఉంటుంది, ఎంత బాగా చెప్పినా ఎదురుగా కూర్చున్నవారు దాన్ని ఖండించడానికే సిద్ధంగా ఉంటారు. స్కూల్లో మొదటి వరుసలో నిలిచిన పిల్లలకు ఇదే ఎక్కువ దెబ్బ, ఎందుకంటే తమకు విషయం వచ్చిందన్న ధీమా వారికి ఏ పూటా దొరకదు. దానికి తోడు 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అనే కొత్త నేరచట్టం అమలులోకి వచ్చింది, కానీ అంతకు ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి ఈ తరం విద్యార్థులు హత్యకు పాత సెక్షన్ 302తో పాటు కొత్త సెక్షన్ 103ను కూడా గుర్తుపెట్టుకోక తప్పడం లేదు.

లా చదువునూ న్యాయవాద వృత్తినీ నియంత్రించే బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి, ఐదేళ్ల కోర్సులో మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. నియమం చూడటానికి చిన్నదే గానీ, ఆ ఇంటర్న్‌షిప్ ఎవరి దగ్గర దొరుకుతుందన్న చోటే అసలు తేడా బయటపడుతుంది. తండ్రో మేనమామో వకీలుగా ఉన్న పిల్లలకు ఒక్క ఫోనుతో పని అవుతుంది. మీ అమ్మాయి లాంటివారు పదులకొద్దీ ఈమెయిళ్లు పంపి, జవాబు రాక, తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. కోర్టులో వాదించినట్టే విద్యార్థులు వాదించే మూట్ కోర్టు పోటీల్లోనూ చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఇంగ్లీషు విన్నవారి ధాటి ముందు గొంతు పెగలకపోవడం చాలామందికి అనుభవమే. ఆ గుండె దడకు మూలం ఇక్కడ ఉండవచ్చు, దాన్ని తెలివితేటల లోటుగా లెక్కించకండి.

ఇన్నింటి మధ్య ఆదివారం ఒక్కటే ఆమెకు ఊపిరి తీసుకునే రోజు, ఆ రోజు కూడా అడంగల్ నకళ్లూ దావా కాగితాలూ ఆమె ముందుకు వస్తున్నాయి. తరగతిలో తప్పు చెబితే ఒక మార్కు పోతుంది, నాన్నకు తప్పు చెబితే పొలమే పోతుందన్న భయంతో ఆ పిల్ల కూర్చుంటుంది. పైగా అవతలి పక్షంలో ఉన్నది తన సొంత పెదనాన్న. చిన్నప్పుడు సంక్రాంతికి ఆ ఇంట్లోనే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లతో కలిసి తిని పడుకున్న పిల్ల, ఇప్పుడు వారిని ఓడించే దారి వెతకమని తండ్రి అడుగుతుంటే ఏమనగలదు? కాదంటే నాన్న మనసు నొచ్చుకుంటుంది, అవునంటే తన మనసు ఒప్పుకోదు. పుస్తకాల బరువు కన్నా ఈ నలుగుడే ఆమె నిద్రను ఎక్కువగా తింటోందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మీ వారితో ఈ మాట మీరే మాట్లాడాలి, అమ్మాయి చేత చెప్పించవద్దు. ఆయనది దురాశ కాదు, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి విసిగిన మనిషి తన బిడ్డలో ఆసరా వెతుక్కుంటున్నారు, కాబట్టి నిందించకుండా విషయం వివరించండి. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం న్యాయవాద వృత్తి చేసే హక్కు అడ్వొకేట్‌గా నమోదైన వారికే ఉంటుంది. డిగ్రీ చేతికొచ్చాక నమోదు, దానికి తోడు ఆలిండియా బార్ పరీక్ష, ఆ తర్వాత ఒక సీనియర్ దగ్గర కొన్నేళ్లు పని నేర్చుకోవడం ఉంటాయి. పోనీ జడ్జి అవుతుందనుకున్నా, జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇప్పుడు నడుస్తున్న దావాకు ఆమె ఏ విధంగానూ అందిరాదు. మదనపల్లెలో మీ వకీలు ఉన్నారు, సందేహాలు ఆయననే అడగమనండి. అన్నదమ్ముల మధ్య తగవు గనుక లోక్ అదాలత్‌లో రాజీకి వీలుందేమో కూడా కనుక్కోమనండి, అక్కడ పరిష్కారమైతే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. ఆ కాగితాల సంచీ మీ అమ్మాయి గదిలో ఉంటే ఈ వారమే బయటికి తెచ్చేయండి.

ఇక వైద్యం సంగతి. నెలల తరబడి నిద్ర, తిండి రెండూ చెడ్డాయంటే ఇంట్లో సర్దిచెప్పుకునే దశ దాటింది. బెంగళూరులో ఉన్నారు గనుక మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది. వెళ్లడానికి ఆమె వెనుకాడితే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. మానసిక వైద్యం చేయించుకుంటే రేపు బార్‌లో నమోదు కానివ్వరేమోనన్న భయం లా విద్యార్థుల్లో ఉంటుంది. అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 24ఎ చెప్పే అనర్హతలు నేరశిక్షకూ, నైతిక భ్రష్టత ఆరోపణపై ప్రభుత్వోద్యోగం నుంచి తొలగింపునకూ సంబంధించినవి, వైద్యం మాట అందులో లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును కూడా రోగికి ఇచ్చింది. ఈ రెండు చట్టాలూ ఆమెనే తెరిచి చదవమనండి, మన మాట కన్నా వాటిని ఎక్కువగా నమ్ముతుంది. ఎప్పుడైనా బతకాలని లేదన్న ధోరణిలో మాట్లాడితే మాత్రం క్షణం ఆలస్యం చేయకండి, ఒంటరిగా వదలకండి, నిమ్హాన్స్ అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

చదువు మానేస్తానన్న మాటకు మీరిప్పుడు అవుననీ కాదనీ అనవద్దు. నిద్ర లేని మనిషి తీసుకునే నిర్ణయాన్ని నిద్ర కుదిరేదాకా వాయిదా వేయడమే మంచిది. ఈ సెమిస్టర్ ముగిశాక, డాక్టరు సలహా కూడా విన్నాక, మీ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుందామని చెప్పండి. అప్పటికీ ఆమె మానేస్తాననే అంటే, కట్టిన ఫీజుల లెక్క ఎత్తకుండా వినగలమని మీరిద్దరూ ముందే ఒక మాట అనుకుని ఉండండి.