కత్తి, డాలు పట్టుకుని షీల్డ్ మంత్రం వేయాలంటే
డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మీ ఎల్డ్రిచ్ నైట్‌కి (కొన్ని మంత్రాలు కూడా వేసే యోధుడు) రెండు చేతులూ నిండి ఉన్నాయని షీల్డ్ మంత్రం (కాసేపు రక్షణ పెంచేది) వేయనివ్వలేదన్నారు కదా, మీ డీఎం (ఆట నడిపేవారు) చెప్పింది కరెక్టేనండీ, ఆ ఆట 2014 రూల్స్‌లో దానికి ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. మీ ఆటలో ఫీట్లు (పాత్ర తీసుకోగల ప్రత్యేక నైపుణ్యాలు) ఉంటే నాలుగో లెవల్లో స్ట్రెంగ్త్ పెంచకుండా వార్ కాస్టర్ అనే ఫీట్ తీసుకోండి, దాంతో కత్తి, డాలు పట్టుకునే మంత్రం వేయొచ్చు. చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం), డాలుతో ఏసీ (మీకు దెబ్బ తగలాలంటే శత్రువుకి రావాల్సిన సంఖ్య) 18 కదా, ఓర్క్ లాంటి శత్రువు 19 కొట్టినా రియాక్షన్‌తో (మీ టర్న్ కాకపోయినా అప్పటికప్పుడు చేసే పని) షీల్డ్ వేస్తే 23 అయిపోతుంది, మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా అలాగే ఉంటుంది, ఇది నిజంగా ప్రాణం కాపాడుతుంది. అంతవరకూ రెండు చేతుల కత్తి వాడండి, ఒక చెయ్యి తీసి మంత్రం వేయొచ్చు. మీ పాత్రకి ఇంటెలిజెన్స్ తక్కువని టెన్షన్ వద్దు, షీల్డ్ మంత్రానికి, అబ్సార్బ్ ఎలిమెంట్స్‌కి (మంట, చలి లాంటి దెబ్బలు తగ్గించే మంత్రం) దాంతో పనిలేదు. ఫైర్‌బాల్ (పెద్ద నిప్పు పేలుడు మంత్రం) మీద ఆశ మాత్రం పెట్టుకోకండి, 13వ లెవల్ దాకా రాదు.