క్రోషియా దుప్పటికి దారం ఎంత?

ప్రశ్న: మా మంచం 5 అడుగుల వెడల్పు, ఆరుంపావు అడుగుల పొడవు. 10 నంబరు తెల్ల దారంతో 6 అంగుళాల చదరాలు అల్లి, వాటిని కలిపి దుప్పటి చేద్దామనుకుంటున్నాను. పక్కింటావిడ ముప్ఫై ఉండలు చాలంటున్నారు. వన్‌టౌన్‌లో దుకాణం అతనేమో నూట ముప్ఫై అంటున్నాడు. ఎవరి మాట వినాలండీ?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఆవిడ 50 గ్రాముల ఉండల లెక్క చెప్పి ఉండొచ్చు, అతను 20 గ్రాములవి చెప్పి ఉండొచ్చు. ఉండ బరువు తెలియకుండా ఉండల సంఖ్య ఎవరు చెప్పినా పట్టించుకోకండి. పైగా ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది. లెక్క మీ అల్లిక మీదే కట్టాలి.

ముందు 100 గ్రాముల దారం మాత్రమే కొని తొమ్మిది చదరాలు అల్లండి. దుప్పటిలో ఎలాగూ కలిసేవే కాబట్టి వృథా పోవు. తొమ్మిదీ కలిపి వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. ఒక్కదాన్నే తూస్తే కాటా అర గ్రాము తేడా చూపించినా, 210 చదరాలకు అది 105 గ్రాములవుతుంది. తూకం ఉతక్కముందు వేయాలి, కొలత మాత్రం ఉతికి ఆరేసి ఇస్త్రీ చేశాక తీసుకోవాలి. గంజి పెట్టాక తూచారంటే గంజి బరువుకు కూడా దారం కొంటారు. ముసురు పట్టిన రోజు నూలు తేమ పీల్చుకుని ఎక్కువ తూగుతుంది, పొడిగా ఉన్న రోజు చూసుకోండి.

తొమ్మిది చదరాలు 90 గ్రాములు తూగాయనుకుందాం, అంటే ఒక్కోటి 10 గ్రాములు. ఇక సైజు. పరుపు పైభాగం 60 × 75 అంగుళాలు. రెండు పక్కలా, కాళ్ల వైపూ 12 అంగుళాల చొప్పున వేలాడాలంటే 84 × 87 కావాలి. వెడల్పులో 14 చదరాలు సరిగ్గా పడతాయి. పొడవులో పద్నాలుగున్నర వస్తోంది కాబట్టి 15 వేసుకోండి, మిగిలే 3 అంగుళాలు దిండు కిందికి పోతాయి. మొత్తం 210 చదరాలు, 2,100 గ్రాములు.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేసి చివర్లో దారం కోసం తిరుగుతారు. కలిపే దారం ఇంకా లెక్కలోకి రాలేదు. తొమ్మిదింటినీ మూడు వరసలుగా కలిపి మళ్లీ తూచండి. 96 గ్రాములు వస్తే కలపడానికి 6 గ్రాములు పట్టిందన్నమాట. రెండు చదరాలు కలిసే ఒక్కో వైపును ఒక అతుకు అనుకుంటే ఆ ముక్కలో అతుకులు 12, కాబట్టి అతుకుకు అర గ్రాము. 14 × 15 దుప్పటిలో అతుకులు 391 ఉంటాయి, అంటే 195 గ్రాములు. చివరి వరస అల్లుతూనే పక్క చదరానికి కలిపేసే డిజైన్ అయితే ఈ లెక్క అక్కర్లేదు. అంచు లేసు ఒక అడుగు అల్లి తూచండి. అది 6 గ్రాములుంటే, చుట్టుకొలత 348 అంగుళాలు, అంటే 29 అడుగులకు 174 గ్రాములు. అన్నీ కలిపి 2,469. దీనికి పది శాతం చేర్చుకుంటే 2,716 గ్రాములు: 50 గ్రాములవైతే 55 ఉండలు, 20 గ్రాములవైతే 136. మీరు మొదట కొన్న వంద గ్రాములూ ఇందులోవే.

పది శాతం ఎందుకంటే, కొసలు దాచడానికి పోయే దారం కోసం కాదు. 210 చదరాలకూ రెండేసి కొసలు, 10 సెంటీమీటర్ల చొప్పున తీసినా మొత్తం 42 మీటర్లు, ఎనిమిది గ్రాములకు మించదు. అసలు నష్టం ఉండల అడుగున మిగిలే ముక్కలతో. మీ చదరం 11 గ్రాములు తూగిందనుకోండి, 50 గ్రాముల ఉండలో నాలుగే వస్తాయి, 6 గ్రాములు మిగులుతుంది. 20 గ్రాముల ఉండలో ఒక్కటే వచ్చి 9 గ్రాములు మిగులుతుంది. ఆ మిగులుతో ఇంకో చదరం మొదలుపెట్టి, వరస మారేచోట కొత్త దారం అందుకోండి. చదరం మధ్యలో ముడి వేస్తే ఉతుకుల్లో పైకి తేలుతుంది.

షేడ్ నంబరు ఒకటే అయినా లాట్ నంబరు (ఒకే విడతలో రంగు వేసిన దారానికి ఇచ్చే నంబరు) మారితే రంగు మారుతుంది, తెలుపైనా సరే. ట్యూబ్‌లైటు కింద కనిపించని తేడా పగటి వెలుగులో చార కడుతుంది. మొదటి ఉండల లేబుళ్లు పారేయకుండా పట్టుకెళ్లి, మిగిలినదంతా అదే లాట్‌లో ఒకేసారి తీసుకోండి. విప్పని ఉండలు వెనక్కి తీసుకుంటారో లేదో అప్పుడే అడగండి. రెండు లాట్‌లు తప్పకపోతే రెండోది అంచుకూ అతుకులకూ వాడండి.

ప్రశ్న: నడిమి నుంచి నలువైపులా పెంచుకుంటూ 90 అంగుళాల చదరపు దుప్పటి అల్లుతున్నాను. ఇప్పటికి 45 అంగుళాలు వచ్చింది, 50 గ్రాముల ఉండలు 12 అయ్యాయి. సగం అయింది కదా, ఇంకో 12 తెచ్చుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సరిపోదమ్మా, ఇంకో 36 కావాలి. సగమైంది వెడల్పే గానీ దుప్పటి కాదు. 45 × 45 అంటే 2,025 చదరపు అంగుళాలు, 90 × 90 అంటే 8,100. సరిగ్గా నాలుగు రెట్లు. మీ దుప్పటి సుమారు 64 అంగుళాలకు వచ్చినప్పుడు దారం సగం అయినట్టు. చివరి వరసలు ఒక్కోటి 360 అంగుళాల చుట్టు, ఉండలు చూస్తుండగానే కరిగిపోతాయి. అదే లాట్ దొరుకుతుందేమో ఈ వారమే కనుక్కోండి. దొరక్కపోతే డిజైన్ మారే వరస దాకా పాత దారంతో లాగి, అక్కడి నుంచి కొత్తది వేయండి. వరసలో సగంలో మాత్రం మార్చకండి. ఒక చివర నుంచి నిలువుగా అల్లుకుపోయే దుప్పటికి ఈ చిక్కు లేదు, అక్కడ సగమంటే సగమే.

ప్రశ్న: 10 నంబరుకు ఇచ్చిన డిజైన్‌ను 20 నంబరుతో అల్లితే దారం తక్కువ పడుతుందా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: బరువు తగ్గుతుంది, పొడవూ పనీ పెరుగుతాయి. 10 నంబరు 50 గ్రాములకు సుమారు 270 మీటర్లు వస్తే 20 నంబరు 400 మీటర్ల దాకా వస్తుంది. దారం సన్నబడి, హుక్ కూడా చిన్నదవుతుంది కాబట్టి 6 అంగుళాల చదరం ఐదు అంగుళాల లోపే ఆగుతుంది. పైన చెప్పిన సైజు దుప్పటికే 210 బదులు మూడు వందల పైన చదరాలు అల్లాలి. దారం రెండున్నర కిలోల నుంచి రెండు కిలోలకు దిగుతుంది. ఇది అంచనా మాత్రమే, కొనేముందు ఆ దారంతోనే తొమ్మిది చదరాలు అల్లి తూచుకోండి.