ఇంగ్లండ్ బోర్డింగ్ స్కూళ్ళలో చదివినవాళ్ళు ముసలితనంలో కూడా హౌస్ పేరు ఎందుకు చెప్పుకుంటారు?

మీరు అడిగినవి రెండు సంగతులు. అక్కడ చదివినవాళ్ళకు స్కూలు కంటే తాము ఉన్న హౌస్ (స్కూల్లో పిల్లలు గుంపుగా కలిసి ఉండే వసతి ఇల్లు) మీదే ఎందుకంత మమకారం అన్నది ఒకటి. గొప్పవాళ్ళు చదివిన హౌస్‌లో మన పిల్లాణ్ణి వేస్తే వాడూ అంతటివాడవుతాడా అన్నది రెండోది. నేను లండన్‌కు వాయవ్యాన హారోలో ఉంటున్నాను. గుట్ట మీది హారో స్కూలు మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. పైగా నేను మన దగ్గర నవోదయలో నీలగిరి హౌస్‌లో పెరిగినవాణ్ణి. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

ముందు అసలు ఏర్పాటు ఎలా వచ్చిందో చూడండి. హారో స్కూలు పెట్టింది రాజులో జమీందార్లో కాదు, జాన్ లయన్ అనే స్థానిక రైతు. 1572లో మొదటి ఎలిజబెత్ రాణి దగ్గర చార్టర్ (అనుమతి పత్రం) తెచ్చుకుని, ఊరి పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించాలని మొదలుపెట్టాడు. తర్వాత్తర్వాత బయటూళ్ళ పిల్లలు ఫీజు కట్టి చేరసాగారు. వాళ్ళకు బస కావాలి కదా. మాస్టర్లే తమ ఇళ్ళల్లో పిల్లల్ని పెట్టుకుని తిండీ పడకా చూసుకునేవారు. ఆ ఇళ్ళే కాలక్రమంలో హౌస్‌లయ్యాయి. ఇవాళ అక్కడ పన్నెండు బోర్డింగ్ హౌస్‌లున్నాయి, ఒక్కోదానిలో డెబ్భై మంది దాకా అబ్బాయిలు. క్లాసు ఏటేటా మారిపోతుంది, మాస్టర్లు మారతారు. పదమూడేళ్ళప్పుడు చేరిన హౌస్ మాత్రం పద్ధెనిమిదేళ్ళకు బయటికి వచ్చేదాకా అదే. జ్వరమొస్తే చూసేది హౌస్ మేట్రన్, అంటే పిల్లల బాగోగులు చూసే ఆవిడ. ఇంటికి ఫోన్ చేసేది హౌస్‌ను నడిపే మాస్టరు, హౌస్‌మాస్టర్. ఆటల్లో గెలిచినా ఓడినా ఆ పేరు మీదే. ఇక మమకారం దేని మీద పెరుగుతుంది చెప్పండి.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, ఎనభై దాటాయి. 1950ల్లో అక్కడ చదివారు. హారోలో 'బిల్' అని ఒక హాజరు పద్ధతి ఉంది. పిల్లలు వరసగా నడుస్తూ తమ పేరు పిలవగానే గడ్డిటోపీ మీద చెయ్యి వేసి 'ఉన్నాను సార్' అని ముందుకు సాగుతారు. ఓసారి టీ తాగుతూ ఆయన తన హౌస్ పిల్లల పేర్లన్నీ ఆ వరసలోనే అప్పజెప్పారు, ఎక్కడా తడబడకుండా, చూపుడు వేలితో బల్ల మీద తాళం వేస్తూ. మధ్యమధ్యలో ఒక్కో పేరు దగ్గర ఆగి 'వీడు పోయాడు', 'వీడు కెనడాలో ఉన్నాడు' అన్నారు. ఆయన భార్య పోయినప్పుడు చర్చికి వచ్చిన స్నేహితుల్లో ఎక్కువమంది ఆ హౌస్ వాళ్ళే. ఉద్యోగంలో పరిచయమైనవాళ్ళు కార్డులు పంపారు, వీళ్ళు కర్రలు పట్టుకుని మనుషులుగా వచ్చారు. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే జవాబు నా దగ్గర లేదు. పొద్దున పీటీ గ్రౌండ్‌లో మా నీలగిరి హాజరు వరస నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. మా వాట్సాప్ గ్రూపు కూడా బ్యాచ్‌ది వేరు, హౌస్‌ది వేరు. ఏ కబురైనా ముందు హౌస్ గ్రూపులోనే తెలుస్తుంది.

ఇక రెండో ప్రశ్న. దానికి హారోలోని ఒకే ఒక్క హౌస్ కథ చెప్తాను. పేరు 'ది హెడ్ మాస్టర్స్'. పేరుకు తగ్గట్టే ఒకప్పుడు స్వయంగా ప్రధానోపాధ్యాయుడు నడిపిన ఇల్లు. హై స్ట్రీట్ మీదే ఉంటుంది. పాత భవనం 1838లో అగ్నిప్రమాదంలో కాలిపోతే మళ్ళీ కట్టారు. విన్‌స్టన్ చర్చిల్, జవాహర్‌లాల్ నెహ్రూ ఇద్దరూ ఈ ఒక్క హౌస్ పిల్లలే.

చర్చిల్ 1888లో హారోలో చేరాడు. మొదట ఓ చిన్న హౌస్‌లో ఉండి తర్వాత ఇందులోకి మారాడు. ప్రవేశ పరీక్షలో లాటిన్ పేపర్ మీద తన పేరు, ప్రశ్న నంబరు, ఓ సిరా మరక తప్ప ఏమీ మిగల్చలేదని తర్వాత తనే రాసుకున్నాడు. అప్పటి హెడ్ మాస్టర్ వెల్డన్ ఆ పేపర్ చూసి కూడా చేర్చుకున్నాడు. (ఆ వెల్డనే తర్వాత కలకత్తా బిషప్‌గా మన దేశానికి వచ్చాడు.) అన్నిటికన్నా కింది తరగతిలో వేశారు. అక్కడే సోమర్‌వెల్ అనే మాస్టరు ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కముక్కలుగా విడగొట్టి నేర్పాడు. లాటిన్, గ్రీకు రాని మొద్దులకు మాత్రమే అంత ఇంగ్లీషు చెప్పేవాళ్ళట. ఆ పాఠమే ఆయన్ని జీవితాంతం పోషించింది.

నెహ్రూ 1905లో చేరాడు. పదిహేనేళ్ళు. అప్పటికి హెడ్ మాస్టర్ జోసెఫ్ వుడ్. తోటి పిల్లలు ఆటల గురించి తప్ప మాట్లాడరని నెహ్రూకు విసుగు. ఇంగ్లండ్‌లో కొత్త ప్రభుత్వం వచ్చినప్పుడు, మంత్రివర్గం పేర్లు దాదాపు అన్నీ చెప్పగలిగింది క్లాసులో ఆయనొక్కడే. బాగా చదివినందుకు ఇటలీ స్వాతంత్ర్యం కోసం పోరాడిన గరిబాల్డీ మీద ట్రెవెల్యన్ రాసిన చరిత్ర ఒక సంపుటం బహుమతిగా ఇచ్చారు. మిగతా రెండూ వెతికి తెచ్చుకుని చదివాడు. ఇటలీ కథ చదువుతుంటే మన దేశానికీ అలాంటి పోరాటం కళ్ళముందు కనిపించిందని రాశాడు. నాకు ఇక్కడే ఒళ్ళు పులకరిస్తుంది. సామ్రాజ్యాన్ని ఏలబోయే పిల్లలను తయారుచేసే ఇంట్లో, ఆ బడి చేతులమీదుగానే, ఓ భారతీయ కుర్రాడికి స్వాతంత్ర్య పోరాట కథ బహుమతిగా అందింది. 1907లో అక్కణ్ణుంచి కేంబ్రిడ్జికి వెళ్ళేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. 1942 ఆగస్టులో నెహ్రూను అహ్మద్‌నగర్ కోటలో బంధించారు. మన పట్టాభి సీతారామయ్య గారు కూడా అదే కోటలో ఖైదీ. అప్పుడు బ్రిటన్ ప్రధాని చర్చిల్. ఇండియా వ్యవహారాల మంత్రి లియో ఏమరీ, ఆయనా హారో విద్యార్థే. కుర్రతనంలో చర్చిల్ ఈత కొలనులోకి వెనకనుంచి తోసేసింది ఆయన్నే. ఒకే హౌస్ నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకడు జైలు లోపల, ఇంకొకడు ఆ జైలు ఎవరి పాలనలో నడుస్తోందో ఆ కుర్చీలో. హౌస్ ఆలోచనలు పోతపోసి పంపిస్తుందని నమ్మేవాళ్ళు ఈ ఒక్క ఉదాహరణ చూస్తే చాలు. మళ్ళీ 1955లో ఇదే చర్చిల్, నెహ్రూను 'ఆసియా జ్యోతి' అంటూ ఉత్తరం రాశాడు. దాన్నిబట్టి పాతదంతా మాసిపోయిందనుకోవాలా? చర్చిల్ ప్రధానిగా ఉండగా వచ్చిన 1943 బెంగాల్ కరువు గురించి చదివినవాడిగా నేనైతే అనుకోలేను. కానీ ఆ ఉత్తరం రాయగలిగిన చనువు వెనక గుట్ట మీది ఆ ఇల్లు కొంత ఉందని మాత్రం నమ్ముతాను.

పేరు పొందినవాళ్ళను చూశాం, ఇప్పుడు మిగతావాళ్ళను చూడండి. నెహ్రూ ఉన్న రోజుల్లో అదే హౌస్‌లో బరోడా గైక్వాడ్ కొడుకొకడు ఉండేవాడు. క్రికెట్ బాగా ఆడతాడని అందరికీ ఇష్టం. కొన్నాళ్ళకు కపుర్తలా మహారాజు పెద్దకొడుకు వచ్చాడు. అతనికి అక్కడ ఏమాత్రం పొసగలేదు. పిల్లలు అతని మాటతీరునూ నడవడినీ వెక్కిరించేవారు. మీరు మా కపుర్తలా వస్తే మీ సంగతి చూస్తానని అతను బెదిరించేవాడు, దాంతో వెక్కిరింత ఇంకా పెరిగేది. కుర్రాడు, ఇంటికి వేల మైళ్ళ దూరంలో, చేతనైన ఒకే ఒక్క బెదిరింపు అది. నాకు ఆ పిల్లాడి మీద జాలి వేస్తుంది. ఒకే కప్పు కింద ఒకడు వికసించాడు, ఒకడు వాడిపోయాడు. హౌస్ గోడల మీది గొప్ప పేర్లలో ఈ రెండోవాడి లెక్క రాదు.

అప్పట్లో చాలా స్కూళ్ళలో చిన్నపిల్లలు పెద్దపిల్లలకు చాకిరీ చేయాల్సి వచ్చేది. బూట్లు తుడవడం, రొట్టె కాల్చివ్వడం, కబుర్లు మోయడం. ఇప్పుడవేవీ లేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన హారో పూర్వ విద్యార్థులు 600 పైచిలుకు, వాళ్ళ కోసం కట్టిన స్మారక భవనం స్కూలు మధ్యలో ఉంది. అక్కడ నిలబడ్డప్పుడల్లా, పేరు తెలిసిన నలుగురైదుగురి కోసం మనం ఇంతమంది పిల్లల్ని మరిచిపోతున్నామనిపిస్తుంది.

మనకు ఇందులో ఇంకో చుట్టరికం ఉంది, చాలామంది గమనించరు. హౌస్‌లు, హౌస్‌మాస్టర్లు, హౌస్ కెప్టెన్లు అన్న ఏర్పాటు ఈ ఇంగ్లీషు స్కూళ్ళ నుంచే మన దేశానికి వచ్చింది. 1980ల్లో నవోదయలు పెట్టినప్పుడు ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని అదే పద్ధతి పల్లెటూరి పిల్లలకు, ఆడపిల్లలకు కూడా అందింది. ఆ స్కూళ్ళకు పెట్టిన పేరు హెడ్ మాస్టర్స్ హౌస్‌లో చదివిన జవాహర్‌దే. ఇక్కడ ఏడాదికి 50 వేల పౌండ్లు దాటిన ఫీజుతో దొరికే ఆ సహవాసం, మా నాన్నలాంటి కౌలురైతు కొడుక్కి పైసా ఖర్చు లేకుండా దొరికింది. అందుకు నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మీ అబ్బాయికి నిజంగా చూస్తున్నట్టయితే, ఎవరెవరు చదివారన్న జాబితా పక్కన పెట్టండి. ఇప్పుడున్న హౌస్‌మాస్టర్‌తో, మేట్రన్‌తో కూర్చుని మాట్లాడండి. రాత్రి పిల్లాడు ఏడుస్తుంటే ఎవరు తలుపు తీస్తారని సూటిగా అడగండి. మాంసం తినని పిల్లలకు ఏం పెడతారో, టర్మ్ మధ్యలో వచ్చే చిన్న సెలవులకు ఇండియా రాలేని పిల్లలు ఎక్కడుంటారో, ఇక్కడ గార్డియన్ ఎవరుండాలో కనుక్కోండి. హౌస్ చూపించడానికి పెద్ద క్లాసు కుర్రాణ్ణి ఇస్తారు. వాడు చిన్నపిల్లల్ని పేరుపెట్టి పలకరిస్తున్నాడా లేదా గమనించండి. ఇంకో మాట, చేరేది పదమూడేళ్ళకే అయినా దరఖాస్తూ తొలి పరీక్షా రెండు మూడేళ్ళు ముందే అయిపోతాయి. బాబుకి పదేళ్ళు నిండాయంటే ఈ ఏడే కదలాలి.