షాపు పేరుకు ముందు ఆ ‘ఈ’ ఎక్కడిది?

ప్రశ్న: సర్, మాది తెనాలిలో ఎరువుల షాపు. బిల్లింగ్ ప్రోగ్రాం మా అబ్బాయే పైథాన్‌లో రాశాడు. మాది ఎప్సన్ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. షాపు పేరు బోల్డ్‌లో రావాలని మాన్యువల్ చూసి ఎస్కేప్ కోడ్ 27 పెట్టాం. బోల్డ్ రాలేదు సరికదా, పేరుకు ముందు ఇంగ్లిష్ ‘ఈ’, వెనక ‘ఎఫ్’ అచ్చవుతున్నాయి. ప్రింటర్ పాడైందంటారా?

జవాబు: ప్రింటర్ నిక్షేపంగా ఉంది, టెన్షన్ పడకండి. మీ అబ్బాయి బ్యాక్‌స్లాష్ వేసి పక్కనే 27 అని రాసి ఉంటాడు. నేనూ ఒకప్పుడు ఇదే చేసి సగం రిబ్బన్ అరగదీశాను. పైథాన్, సీ లాంటి భాషల్లో బ్యాక్‌స్లాష్ పక్కన ఉత్త అంకెలు కనిపిస్తే వాటిని ఆక్టల్‌గా, అంటే ఎనిమిదుల లెక్కలో చదువుతాయి. రెండు ఎనిమిదులు పదహారు, ఏడు కలిపితే 23. ప్రింటర్‌కు చేరింది ఆ 23. దానికి అర్థం తెలియక వదిలేసి, వెనకాలే వచ్చిన ‘ఈ’ని మామూలు అక్షరంలా కొట్టేసింది. అసలైన 27 అంది ఉంటే, తర్వాత వచ్చేది అచ్చు వేయాల్సిన అక్షరం కాదు, తనకిచ్చిన ఆదేశం అని గ్రహించేది.

సీహెచ్ఆర్ అని రాసి బ్రాకెట్లలో 27 పెట్టమనండి. బ్యాక్‌స్లాష్, ఎక్స్, 1బీ అని రాసినా అదే, పదహారుల లెక్కలో 1బీ అంటే 27. దాని వెనక పెద్ద ‘ఈ’ ఉంటే బోల్డ్ మొదలు, పెద్ద ‘ఎఫ్’ ఉంటే బోల్డ్ ఆఖరు. చిన్న అక్షరాలు వాడితే పని జరగదు.

ప్రతి బిల్లు మొదట్లో 27, 64 కూడా పంపండి. అది రీసెట్. లేకపోతే నిన్న మధ్యలో ఆగిన బిల్లు తాలూకు సన్న అక్షరాలు ఇవాళ్టి బిల్లులోనూ వస్తాయి. ఆ సన్న అక్షరాలకు ఎస్కేప్ అక్కర్లేదు: 15 పంపితే మొదలు, 18 పంపితే బంద్. సరుకుల పట్టీ వెడల్పు చాలకపోతే పనికొస్తాయి.

రేపు థర్మల్ ప్రింటర్ కొంటే మాత్రం ఈ కోడ్ యథాతథంగా నడవదు. అక్కడ 27, 69 (పెద్ద ‘ఈ’ కోడే ఈ 69) తర్వాత ఇంకో అంకె కావాలి: బోల్డ్‌కు 1, వద్దంటే 0. అది ఇవ్వకపోతే మీ షాపు పేరులో మొదటి అక్షరాన్నే ఆ అంకె అనుకుని మింగేస్తుంది.