సమాధానం: ‘కన్సర్వేటివ్’ అంటే ఒక్క అర్థమే కాదు

తమ్ముడూ, కావలిలో నాన్నగారి నడుమునొప్పి చీటీలో ‘కన్సర్వేటివ్’ అని రాశారని, నిఘంటువులో చూస్తే ‘సంప్రదాయవాది’ అని వచ్చిందని అడిగావు. కంగారు పడవద్దు, డాక్టరు నాన్నగారి అభిప్రాయాల గురించి రాయలేదు! వైద్యంలో ఆ మాటకు ఆపరేషన్ లేకుండా మందులు, విశ్రాంతి, ఫిజియోథెరపీతో చూద్దామని అర్థం.

నీ బీకాం పుస్తకంలో ఉన్నది వేరే సంగతి. అక్కడ అది జాగ్రత్త సూత్రం: రాబోయే నష్టాన్ని ముందే లెక్కలో రాయాలి, లాభాన్ని మాత్రం చేతికందే దాకా రాయకూడదు. మన ధాన్యం వ్యాపారినే తీసుకో. పుట్టి 20,000 చొప్పున 10 పుట్లు కొని గోదాములో పెట్టాడు. మార్చి 31న ధర 18,000కు పడితే సరుకు విలువ 1,80,000 అని రాయాలి. అదే ధర 23,000కు పెరిగిందనుకో, అప్పుడూ 2,00,000 మాత్రమే. కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువది. పరీక్షలో దీన్ని ‘సంప్రదాయవాదం’ అని వదిలేస్తే మార్కులు రావు.

నిఘంటువు అర్థం సరిపోయేది రాజకీయాల్లోనే. ఉన్న వ్యవస్థను ఒక్కసారిగా కూలదోయకుండా నెమ్మదిగా మార్చుకోవాలన్న ఆలోచన అది. 1790లో ఫ్రెంచి విప్లవాన్ని విమర్శిస్తూ పుస్తకం రాసిన బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఎడ్మండ్ బర్క్‌ను దానికి ఆద్యుడంటారు. చిత్రం, ఆయన ఉన్నది తర్వాత కన్సర్వేటివ్‌లుగా మారిన టోరీ పార్టీలో కాదు, దానికి ప్రత్యర్థి అయిన విగ్ పార్టీలో.

ఫిజియోథెరపీ ఎన్ని వారాలో చీటీలో లేకపోతే డాక్టరునే అడుగు.