ఫాస్ట్ కోర్సు అన్నావు కదా, అందుకే ఈ ఉత్తరం

తల్లీ,

నువ్వు సైకిల్ టైమ్ ట్రయల్‌కి, అదే ఒక్కొక్కరే విడివిడిగా బయలుదేరి గడియారంతో పోటీపడే రేసుకి, పేరిచ్చావని మీ నాన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. "నువ్వే దాన్ని చెడగొట్టావన్నయ్యా" అని నన్ను తిట్టాడు కూడా. తిట్టించుకుంటూనే నవ్వుకున్నాను. మన ఇంట్లో నా తర్వాత ఎవరూ ఆ బండి ముట్టరనుకున్నాను మరి. కానీ పొద్దున నీ మెసేజ్ చూశాక నవ్వు పోయింది. "నలభై కిలోమీటర్లు, నాలుగు లేన్ల రోడ్డు, చాలా ఫాస్ట్ కోర్సు పెదనాన్నా!" రేసు దారి ఫాస్ట్ అయినంత మాత్రాన ఆ ఆశ్చర్యార్థకం ఎందుకే? ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. చైన్ కడిగి నూనె పెట్టు. టైర్లలో గాలి రాయిలా కొట్టించకు, గరుకు రోడ్డు మీద మరీ గట్టి టైరు ఎగురుతుంది తప్ప పరిగెత్తదు. రేసు రోజున కొత్తది ఏదీ వాడకు, కొత్తది ఏదీ తినకు. మరొకరి వెనక గాలి చాటున తొక్కడం నిషేధం. దాటగలిగితే దాటెయ్యి, లేదంటే వెనక్కి తగ్గు. నంబరు కాగితాన్ని సూటు వేసుకున్నాక, నువ్వు బండి మీద వంగి ఉండగా ఎవరిచేతైనా పిన్నులు పెట్టించుకో. నిలబడి పెట్టించుకుంటే వంగినప్పుడు మధ్యలో ఉబ్బుతుంది, ఒక మూల లేచి దారి పొడుగునా టపటపా కొట్టుకుంటుంది.

ఇక బండి. డిస్క్ వీల్, అదే చువ్వలు కనిపించకుండా పళ్ళెంలా మూసి ఉండే చక్రం, కొనిపెట్టమని మీ నాన్న ప్రాణం తీస్తున్నావట. ఇప్పుడే వద్దు. చదును రోడ్డు మీద గంటకి 40 కిలోమీటర్ల వేగంలో నీ కష్టంలో 80 శాతానికి పైగా గాలిని తోసుకుంటూ వెళ్ళడానికే ఖర్చవుతుంది. ఆ గాలికి అడ్డం పడేది బండి కాదు, ఎక్కువ భాగం నువ్వే. పైగా వేగం కాస్త పెరిగితే గాలి అడిగే పవర్ దాని ఘనం లెక్కన పెరుగుతుంది. 36 నుంచి 40కి రావాలంటే వేగంలో పెరిగేది 11 శాతమే, గాలి కోసం పెట్టాల్సిన వాట్లు మాత్రం 37 శాతం ఎక్కువ. తొడల్లో అంత బలం ఒక సీజన్‌లో రాదు. అందుకే ముందు ఒంటిని ముడుచుకోవడం నేర్చుకో. మోచేతులు దగ్గరికి, వీపు చదునుగా, భుజాలు చెవుల వైపు లాక్కుని తలని వాటి మధ్యకి దించడం. దానికి ఏరో బార్లు (మోచేతులు ఆనించి పట్టుకునే, హ్యాండిల్ మీంచి ముందుకి పొడుచుకొచ్చే కడ్డీలు), ఒంటికి అతుక్కునే సూటు, వెనక తోకలా సాగి నీకు సరిపోయే హెల్మెట్ చాలు.

నమ్మకపోతే 1989 టూర్ ద ఫ్రాన్స్ (మూడు వారాల పెద్ద సైకిల్ రేసు) చివరి రోజు టైమ్ ట్రయల్ వీడియో చూడు. గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకబడి ఉన్నాడు. ఏరో బార్లు బిగించుకుని 24.5 కిలోమీటర్లు తొక్కి, టూర్ మొత్తాన్ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఓడిపోయిన లోరాన్ ఫిన్యోఁ బండికి రెండూ డిస్క్ చక్రాలే. ఏరో బార్లు లేవు, హెల్మెట్ లేదు, పిలక గాలికి ఊగుతోంది. పాపం, ఆ పిలక గురించి ఆయన బతికినంత కాలం జనం మాట్లాడుతూనే ఉన్నారు.

ఎంత కిందికి వంగాలి? ఇక్కడే నువ్వు నా మాట వినాలి. హ్యాండిల్ కింద ఉండి దాన్ని ఎత్తిపెట్టే రింగులను, అంటే స్పేసర్లను, ఒక్కొక్కటిగా, 5 మిల్లీమీటర్ల చొప్పున తియ్యాలి. ప్రతిసారీ రెండు మూడు వారాలు తొక్కి చూడాలి. అరగంట తర్వాత మెడ నొప్పి లేకుండా వంద మీటర్ల ముందు రోడ్డు కనిపిస్తుంటేనే తర్వాతది తియ్యి.

మా జట్టులో ఒకతను ఉండేవాడు. నాకంటే బలమైనవాడు, నాకంటే తొందరపాటు మనిషి. పెద్ద రేసుకి ముందు రోజు రాత్రి స్పేసర్లన్నీ ఒకేసారి తీసేశాడు. పొద్దున లైన్లో నిలబడ్డప్పుడు చూసి ఇదేమిట్రా అని అడిగాను. "అద్దంలో చూసుకున్నా, ప్రొఫెషనల్‌లా ఉన్నా" అన్నాడు. అద్దంలో చూసుకున్నంతసేపు ఎవరైనా తల ఎత్తగలరు. అతను నాకంటే ఒక నిమిషం ముందు బయలుదేరాడు. మొదట్లో దూరంగా కనిపిస్తూనే ఉన్నాడు. హెల్మెట్ తోక పైకి లేచి ఉంది, అంటే కళ్ళు కిందికి పోయాయి. మెడ పట్టేసినవాడికి చూడ్డానికి రెండే ఉంటాయి, ముందు చక్రం, హ్యాండిల్ మీది చిన్న కంప్యూటర్‌లో వాట్ల అంకె. తెల్లగీత పట్టుకుని పోతే చాలనుకుంటాడు. ఆ తెల్లగీత మీదే పంక్చరైన వ్యాన్ ఒకటి ఆగి ఉంది. లైట్లు వేసే ఉంచాడు ఆ డ్రైవరు, ఎండలో త్రికోణం బోర్డు కూడా పెట్టాడు. మా వాడు బ్రేక్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఏరో బార్లు పట్టుకుంటే చేతుల కింద బ్రేకులు ఉండవని నీకు తెలుసుగా.

నేను వెళ్ళేసరికి రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. పై పెదవి చీలింది, ముందు పళ్ళు లేవు, ఎడమ భుజం ఉండాల్సిన చోట లేదు. కంప్యూటర్ ఇంకా హ్యాండిల్‌కే ఉంది, నడుస్తూనే ఉంది. నన్ను చూసి "ఎంత చూపిస్తోందిరా?" అన్నాడు. ఇప్పటికీ ఎవరైనా ఆ సంగతి ఎత్తితే ఆ రోజు తన వాట్లు బ్రహ్మాండంగా ఉన్నాయనే చెబుతాడు. వాళ్ళావిడ లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

నీకు భయం చెబితే ఎక్కదు కాబట్టి వేగం లెక్కలోనే చెబుతాను. తల వాల్చేస్తే హెల్మెట్ తోక గాలిలోకి లేస్తుంది, అది నిన్ను వెనక్కి లాగుతుంది. చూపు ముందుకి ఉన్నప్పుడే ఆ హెల్మెట్ పనిచేస్తుంది. కంప్యూటర్‌ని మరీ పట్టించుకోకు. లెమాండ్ ఆ రోజు తన టైములు చెప్పొద్దని జట్టువాళ్ళకి ముందే చెప్పాడు.

ఇప్పుడు నీ ఫాస్ట్ కోర్సు. నున్నటి తారు, మలుపులు తక్కువ, సిగ్నళ్ళు లేవు, అంతవరకు బాగానే ఉంది. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? లారీల నుంచి. పక్కనుంచి పెద్ద బండి వెళ్తే గాలిని తనతో లాక్కుపోతుంది, వరసగా వెళ్తుంటే నీకు ఎదురుగాలే తగ్గిపోతుంది. బ్రిటన్‌లో దశాబ్దాలుగా మంచి టైములన్నీ వాహనాలు దూసుకుపోయే మధ్యలో డివైడర్ ఉండే డ్యూయల్ క్యారేజ్‌వేల మీదే వస్తున్నాయి. 1978లో ఆల్ఫ్ ఎంగర్స్ 25 మైళ్ళని 49 నిమిషాల 24 సెకన్లలో తొక్కాడు. గొప్ప రౌతే, కాదనను. కానీ ట్రాఫిక్ ఇచ్చిన నిమిషాన్ని నీ నిమిషం అనుకోకు. అదే లారీ పక్కగాలిని ఒక్క క్షణం ఆపి వదిలేస్తే రిమ్ము ఎత్తుగా ఉన్న ముందు చక్రం చేతుల్లోంచి జారినట్టవుతుంది. నన్నడిగితే మొదటి రేసు ట్రాఫిక్ లేని చిన్న రోడ్డు మీద తొక్కు. టైము రెండు నిమిషాలు ఎక్కువ వస్తుంది, రానీ.

వినవు, తెలుసు. మీ నాన్న కూతురివి. అయితే ముందు వారం కారులో ఆ రోడ్డంతా ఒకసారి తిరిగి రా. సర్వీసు రోడ్లు వచ్చి కలిసే చోట్లు రాసుకో. ఆ చోట్ల తల ఎత్తి, చేతులు బ్రేకుల మీదికి తెచ్చుకోవాలి. పట్టపగలైనా వెనక ఎర్ర లైటు వెలుగుతూ ఉండాలి.

గాలి గురించి ఒక్క మాట. వెళ్ళేటప్పుడు ఎదురుగాలికి 30, వచ్చేటప్పుడు 50 అయితే సగటు 40 కదా అనుకుంటావు. కాదు. మొదటి ఇరవై కిలోమీటర్లకి 40 నిమిషాలు, రెండో ఇరవైకి 24, మొత్తం 64. అదే 40లో నిలకడగా పోతే 60. ఎక్కువసేపు ఉండేది ఎదురుగాలిలోనే కాబట్టి కాస్త ఎక్కువ బలం అక్కడే పెట్టు, వెనకగాలిలో కొంచెం వదులు. మొదటి ఐదు నిమిషాలు మాత్రం ఏ గాలైనా సరే ఆపుకుని తొక్కు. అప్పుడు అంతా సుఖంగానే ఉంటుంది, అదే మోసం.

ఆదివారం బండి తీసుకుని రా. తీసేసిన స్పేసర్లు పారెయ్యలేదుగా? అవీ పట్టుకురా. ఏరో బార్ల బోల్టులు నేనే టార్క్ రెంచ్‌తో బిగిస్తాను, గతుకులో అవి జారితే ముఖం నేరుగా రోడ్డుకే. డిస్క్ వీల్ సంగతి మీ నాన్నతో వచ్చే ఏడాది నేను మాట్లాడతాను, నువ్వు ఎత్తకు. రేసు రోజు టర్నింగ్ దగ్గర నిలబడి ఉంటాను. నన్ను చూసి చెయ్యి ఊపావో, ఊరుకోను.

మీ పెదనాన్న