రెండేళ్ల బాబు దగ్గుకు 'మంచి' నీలగిరి తైలం ఎక్కడ కొనాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నీలగిరి, లావెండర్, టీట్రీ, వింటర్‌గ్రీన్ ఎసెన్షియల్ ఆయిల్స్ కొందామనుకుంటున్నాను. అదే సైజు సీసా ఆన్‌లైన్‌లో ఒకచోట చాలా చవగ్గా ఉంది, ఇంకోచోట దానికి పదింతలు చెబుతున్నారు. 'థెరప్యూటిక్ గ్రేడ్' అని రాసి ఉన్నదే తీసుకోవాలా? ఎక్కడ కొంటే మంచివి అందుబాటు ధరలో దొరుకుతాయి? రెండేళ్ల మా బాబుకి నెల రోజులుగా రాత్రిళ్లు దగ్గు. నీలగిరి చుక్కలు వేసి ఆవిరి పడితే కాస్త సర్దుకుంటోంది, మర్నాడు మళ్లీ మామూలే. మేం వాడే నూనె మంచిది కాదేమోనని అనుమానం. వింటర్‌గ్రీన్ మా మామగారి మోకాళ్లకి. ఆయన గుండె జబ్బుకి వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర) వాడుతున్నారు. - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు అడిగింది నూనెల గురించి. నాకు మాత్రం మీ ఉత్తరంలో 'రెండేళ్ల బాబు', 'నెల రోజులు' అన్న మాటలే కళ్లకి కొడుతున్నాయి. ముందు అది చూద్దాం, నూనెల సంగతి తర్వాత.

పిల్లల్లో దగ్గు నాలుగు వారాలు దాటితే దాన్ని మేం దీర్ఘకాలిక దగ్గు కిందే లెక్కవేస్తాం. జలుబుతో వచ్చే దగ్గు సాధారణంగా రెండు మూడు వారాల్లో పోతుంది. రాత్రిళ్లే ఎక్కువంటున్నారు కాబట్టి ఆస్తమా తరహా కావచ్చు, ముక్కు వెనక నుంచి గొంతులోకి జారే కఫం కావచ్చు, కోరింత దగ్గు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టకుండా ఫలానా అని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒక్క విషయం మాత్రం గుర్తుచేసుకోండి. ఈ దగ్గు మొదలైన రోజు బాబు ఏదైనా తింటూనో, చిన్న వస్తువుతో ఆడుతూనో ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరయ్యాడా? ఈ వయసులో గింజో, బొమ్మ ముక్కో ఊపిరి గొట్టంలోకి జారుతుంది. ఆ పూటకి దగ్గి ఊరుకుంటారు, తర్వాత వారాల తరబడి దగ్గుతూనే ఉంటారు. ఎక్స్‌రేలో ఒక్కోసారి ఏమీ కనిపించదు. మీరు చెబితేనే డాక్టర్‌కి ఆ అనుమానం వస్తుంది.

నిమిషానికి 40 సార్లు, అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, తాగలేకపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇవేవీ లేకపోయినా ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కి చూపించాలి. అసలు నెల రోజులు ఎందుకు ఆగారమ్మా? ఆవిరితో సర్దుకుంటోంది కదా అని ఆగి ఉంటారు. నాకు కోపం వచ్చేది అక్కడే. నీలగిరి ఘాటు ముక్కు తెరుచుకున్నట్టు అనిపింపజేస్తుంది, లోపల జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది. పైగా రెండేళ్ల పిల్లాడి పక్కన మరిగే నీళ్లు పెట్టడమే పెద్ద ప్రమాదం. ఆవిరి గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకున్న పిల్లల్ని చూసిన డాక్టరెవరూ పిల్లలకి ఆవిరి పట్టమని తేలిగ్గా చెప్పరు.

నూనె నాసిరకం కాబట్టి దగ్గు తగ్గట్లేదన్న మీ లెక్క తలకిందులుగా ఉంది. మంచి నీలగిరి తైలంలో 70 శాతానికి పైగా సినియోల్ అనే పదార్థం ఉంటుంది. అది ముక్కు దగ్గర ఘాటుగా తగిలితే పసిపిల్లలకి గొంతు బిగుసుకుపోయి ఊపిరాడకపోవచ్చు, ఆస్తమా ఉంటే దగ్గు ఇంకా రేగవచ్చు. అంటే నూనె ఎంత స్వచ్ఛమైనదైతే మీ బాబుకి అంత ముప్పు. అందుకని బాబుకి నీలగిరి, పిప్పర్‌మింట్, కర్పూరం నూనెలు ఏవీ వద్దు. ఆవిరికీ వద్దు, ఛాతీకీ వద్దు, దిండు మీదా వద్దు.

కొన్నేళ్ల కిందటి మాట. ఒక రాత్రి మూడేళ్ల పాపని భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చారు. పాప కంటే ముందు నీలగిరి వాసన గదిలోకి వచ్చింది. ఇంట్లో దగ్గుమందు, నీలగిరి రెండూ గోధుమరంగు సీసాలే, ఒకే అలమరలో పక్కపక్కన ఉన్నాయి. నిద్రమత్తులో తండ్రి లైటు వేయకుండా చేతికందిన సీసా తీసి స్పూనులో పోశాడు. పాప ఒక గుటక మింగి మిగతాది ఉమ్మేసింది. ఆ వాసనకి తల్లి లేచి, మంచికేననుకుని గొంతులో వేలు పెట్టి వాంతి చేయించింది. అరగంట తిరక్కుండా పాప తూలడం మొదలుపెట్టింది, దారిలో ఫిట్స్ వచ్చాయి. వాంతిలో ఆ నూనె కొంత ఊపిరితిత్తుల్లోకి కూడా దిగింది. ఆక్సిజన్ మీద మూడు రోజులుంది. ఇప్పుడు బడికి వెళ్తోంది లెండి. తర్వాత ఆ తండ్రి సీసా తెచ్చి చూపించాడు. నూనె నాణ్యతకి వంక పెట్టడానికి లేదు!

ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. నీలగిరి కూడా చిన్నపిల్లల్ని స్పృహ తప్పించగలదు. ఎప్పుడైనా పొరపాటున మింగితే వాంతి చేయించకండి, పాలూ నీళ్లూ పట్టించి చూద్దామనుకోకండి. బాబు ఆడుకుంటున్నా సరే సీసాతో సహా ఆసుపత్రికి బయల్దేరండి.

ఇక మామగారు. వింటర్‌గ్రీన్ నూనెలో దాదాపు అంతా మిథైల్ శాలిసిలేటే, ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. ఒక టీస్పూను నూనె సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం, అంటే 325 మి.గ్రా. మాత్రలు 20కి పైనే. చర్మం మీద రాసినా రక్తంలోకి వెళ్తుంది. వార్ఫరిన్ వాడేవాళ్లలో రక్తం మరీ పలచబడి రక్తస్రావం కావచ్చు. నూనె ఆపమంటున్నాను, వార్ఫరిన్ ఆపమనడం లేదు. ఆ మాత్ర మానితే అది ఇంకో ప్రమాదం. ఇన్నాళ్లు రాసుకుంటున్నట్టయితే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐ.ఎన్.ఆర్. పరీక్ష ఒకసారి చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం, తగలకుండానే కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే అదే రోజు ఆయన డాక్టర్ని కలవండి. మోకాళ్లకి ఏం వాడాలో కూడా ఆయన్నే అడగండి. నొప్పి బామ్‌లలోనూ ఇదే పదార్థం ఉంటుంది, లేబుల్ చూడండి.

సరే, ఇప్పుడు మీ ప్రశ్న. ఏ కొట్టు అనేదానికంటే లేబుల్ మీద ఏముందనేది ముఖ్యం. 'థెరప్యూటిక్ గ్రేడ్' అని ఏ ప్రభుత్వ సంస్థా ముద్ర వేయదు, అది అమ్మేవాళ్లు పెట్టుకున్న మాట. దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉండాలి. ఉదాహరణకి లావెండర్ అంటే లావాండులా అంగస్టిఫోలియా. లావాండిన్ అనే సంకర రకం నూనె చవక, దాన్నీ లావెండర్ పేరుతో అంటగడుతుంటారు. ఆ బ్యాచ్‌కి చేసిన జి.సి.-ఎం.ఎస్. రిపోర్టు (నూనెలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉన్నాయో చూపే ల్యాబ్ పరీక్ష) అడిగితే ఇచ్చేవాళ్లు నయం. నీలగిరి అయితే ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల అధికారిక గ్రంథం) ప్రమాణం అని రాసి ఉన్నది మందుల షాపులో దొరుకుతుంది, పెద్దలకి అది చాలు.

ధర దగ్గర ఒక తిరకాసు ఉంది. నీలగిరి ఆకుల నుంచి నూనె బాగా దిగుతుంది కాబట్టి అది సహజంగానే చవక, పదింతలు పోయనక్కర్లేదు. గులాబీ నూనె ఒక కిలో రావాలంటే వేల కిలోల పూరేకులు కావాలి. అది చవగ్గా ఇస్తున్నారంటే గులాబీ కాదు. అన్ని నూనెలూ ఒకే ధరకి అమ్మేచోట నేనైతే కొనను. తెల్ల కాగితం మీద చుక్క వేస్తే జిడ్డు మరక మిగలకూడదంటారు. మామూలు నూనె కల్తీ ఉంటే దాంతో తెలుస్తుంది, కృత్రిమ సువాసనలు కలిపితే తెలియదు.

పెద్ద సీసా లాభసాటి అనుకోకండి. టీట్రీ, లావెండర్ గాలి తగిలి పాతబడితే చర్మానికి అలర్జీ తెస్తాయి. నల్లటి గాజు సీసా, పిల్లలు తెరవలేని మూత, చుక్కలుగా రాలే బిరడా ఉన్న 10 మి.లీ. సీసా కొనుక్కోండి. పెద్దలు ఒంటికి రాసుకోవాలంటే 10 మి.లీ. మామూలు నూనెలో రెండు మూడు చుక్కలకి మించొద్దు, ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూడండి. మీరు గర్భంతో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, మూర్ఛ ఉన్నా డాక్టర్ని అడక్కుండా డిఫ్యూజర్ (గదిలో నూనె వాసన వెదజల్లే పరికరం) కూడా పెట్టకండి. 'రోజూ రెండు చుక్కలు నీళ్లలో తాగండి' అనే అమ్మకందారు ఎంత చవగ్గా ఇచ్చినా అతని దగ్గర తీసుకోవద్దు.

బాబుని తీసుకెళ్లే ముందు రోజు రాత్రి, దగ్గు వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీయండి. చొక్కా పైకెత్తి ఛాతీ, పొట్ట కనిపించేలా తీయండి. పిల్లలు క్లినిక్‌లో మా ఎదురుగా చచ్చినా దగ్గరు.